‘ఇది నేను ఎక్కించలే, తీసెయ్యాల్నా?’: విండోస్‌లో గ్రాఫిక్స్ రన్‌టైమ్ లైబ్రరీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే పని నాది. దేవరకొండ, నకిరేకల్, మిర్యాలగూడ నుంచి సిస్టమ్‌లు తెచ్చి ఇస్తారు. మా బావమరిది పాలమూరులో ఇదే పని చేస్తాడు, జడ్చర్ల, వనపర్తి గిరాకీ అడిగే ప్రశ్నలు ఫోన్‌లో నా దాకా వస్తుంటాయి. అన్నీ కలిపి చూస్తే చాలా ప్రశ్నలు పుట్టేది ఒకే చోట. ప్రోగ్రాముల జాబితా తెరిచిన మనిషికి తను ఎన్నడూ ఎక్కించని పేర్లు కనబడతాయి. భయం వేస్తుంది, తీసేస్తాడు. రెండు రోజులకు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తెరుచుకోకుండా మొరాయిస్తుంది. అప్పుడు సీపీయూ డబ్బా మోసుకుని నా దగ్గరికి వస్తాడు. ఆ మోత తప్పించాలని ఇది రాస్తున్నాను. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

“అన్నా, వల్కన్ రన్ టైమ్ లైబ్రరీస్ అని ఒకటి కనబడుతుంది. నేనైతే ఎక్కించలే. వైరసా ఇది?”

కాదు. మీ గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, దాన్ని తన వెంట తెచ్చుకుంది. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్, ఈ మూడు కంపెనీల డ్రైవర్లలో ఏది ఎక్కించినా, కార్డుకు ఆ శక్తి ఉంటే వల్కన్ ఫైళ్లు కూడా ఎక్కుతాయి. విడిగా ఎవరూ అనుమతి అడగరు కాబట్టే మీకు తెలియలేదు.

వల్కన్ అనేది ప్రోగ్రాములకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య మాట నడిపే ఒక పద్ధతి. క్రోనోస్ గ్రూప్ అనే సంస్థ దాని 1.0 వెర్షన్‌ను 2016 ఫిబ్రవరి 16న విడుదల చేసింది. ఆ క్రోనోస్ ఒక్క కంపెనీ సొత్తు కాదు, కార్డులు చేసేవాళ్లు, గేములు చేసేవాళ్లు కలిసి నడిపే సంఘం. జాబితాలో పబ్లిషర్ గడిలో లూనార్‌జీ అనే పేరు చూసి చాలామంది అనుమానపడతారు. విండోస్ కోసం ఈ రన్‌టైమ్‌ను తయారుచేసి ఇచ్చే కంపెనీ అది. అనుమానం అక్కర్లేదు.

“సరే, రన్‌టైమ్ లైబ్రరీ అంటే ఏంది? డ్రైవర్ వేరు, ఇది వేరా?”

వేరు. దీన్ని నేను మా ఊరి చెరువుతో చెప్తాను. మా తాతల కాలంలో ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. చెరువు అతనిది కాదు, పొలాలూ అతనివి కావు. కానీ ఏ మడికి ఏ పూట నీళ్లు వదలాలో, ఏ తూము ఎంత ఎత్తాలో అతనికే తెలుసు. రైతు నేరుగా పోయి తూము ముట్టడు, నీరటికి చెప్తాడు.

ఇక్కడ చెరువు అంటే గ్రాఫిక్స్ కార్డు. తూము డ్రైవర్. ఒక్కో కంపెనీ తూము ఒక్కో తీరుగా ఉంటుంది, ఎన్విడియా తూము తెరిచే పద్ధతి ఇంటెల్ దానికి పనికిరాదు. పొలం అంటే మీ గేము, మీ ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, మీ త్రీడీ డిజైన్. ఇక నీరటి ఎవరంటే రన్‌టైమ్ లైబ్రరీ. “ఇక్కడ ఒక త్రిభుజం గీయి, దాని మీద ఈ బొమ్మ పరుచు, ఇంత వెలుతురు వేయి” అని ప్రోగ్రాము ఒకే భాషలో అడుగుతుంది. ఆ మాటను సరైన తూము దగ్గరికి చేర్చేది ఈ లైబ్రరీ.

వల్కన్‌లో ఈ పని చేసే ఫైలు పేరు వల్కన్-1.డీఎల్ఎల్. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32లో ఉంటుంది. దాన్ని లోడర్ అంటారు. బొమ్మ గీసేది అది కాదు. మెషిన్‌లో ఏయే కార్డులున్నాయో, వాటి డ్రైవర్లు ఎక్కడున్నాయో చూసి అడిగినవాళ్లను అక్కడికి పంపుతుంది. అచ్చం నీరటి పనే. చెరువు నిండా నీళ్లున్నా నీరటి లేకపోతే మడి తడవదు. నీరటి ఉన్నా చెరువు ఎండిపోయి ఉంటే అతను చేసేదేమీ లేదు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, పాత కంప్యూటర్ల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

“డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్, వల్కన్. మూడెందుకు? ఒక్కటి సరిపోదా?”

మూడూ ఒకేసారి పుట్టినవి కావు. ముందుగా వచ్చింది ఓపెన్‌జీఎల్, 1992లో. సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంపెనీ తన పెద్ద పెద్ద డిజైన్ యంత్రాల కోసం చేసిన పనిలోంచి అది వచ్చింది. ఇవాళ్టికీ ఇంజినీరింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఎన్నో దాని మీదే నడుస్తాయి. 2006 నుంచి అదీ క్రోనోస్ చేతిలోనే ఉంది.

డైరెక్ట్‌ఎక్స్ మైక్రోసాఫ్ట్‌ది. విండోస్‌కు ముందు నడిచిన డాస్ కాలంలో గేము నేరుగా హార్డ్‌వేర్‌తో మాట్లాడేది. విండోస్ 95 వచ్చాక ఆ దారి మూసుకుపోయింది, గేములు చేసేవాళ్లు డాస్ వదిలి రామన్నారు. వాళ్లను విండోస్‌కు రప్పించడానికి క్రెయిగ్ ఐస్లర్, అలెక్స్ సెయింట్ జాన్, ఎరిక్ ఎంగ్‌స్ట్రామ్ అనే ముగ్గురు ఉద్యోగులు పట్టుబట్టి చేసిందే డైరెక్ట్‌ఎక్స్. మొదటి వెర్షన్ 1995 సెప్టెంబరులో వచ్చింది. బొమ్మ గీసే భాగాన్ని డైరెక్ట్3డీ అంటారు, ధ్వనికి, జాయ్‌స్టిక్‌కు అందులోనే వేరే భాగాలున్నాయి. విస్టాతో 10, విండోస్ 7తో 11, 2015లో విండోస్ 10తో 12 వచ్చాయి.

వల్కన్ వీటిలో చిన్నది. ఏఎండీ 2013లో మాంటిల్ అనే పద్ధతిని బయటపెట్టి, తర్వాత దాన్ని క్రోనోస్‌కు ఇచ్చేసింది. ఆ పునాది మీద వల్కన్ లేచింది. పాత పద్ధతుల్లో ప్రాసెసర్ కోర్లు నాలుగున్నా ఎక్కువ బరువు ఒక్కదాని మీదే పడేది. వల్కన్, డైరెక్ట్‌ఎక్స్ 12 ఆ బరువును అన్ని కోర్లకూ పంచుకునే వీలిచ్చాయి. వల్కన్ లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడుస్తుంది, డైరెక్ట్‌ఎక్స్ విండోస్, ఎక్స్‌బాక్స్‌ల కోసమే చేసింది.

ఏది ఎంచుకోవాలన్న తిప్పలు చాలాసార్లు మీకు లేదు. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఏ భాషలో రాశారో ఆ లైబ్రరీ కావాలి. అందుకే మూడూ మెషిన్‌లో ఉండాలి.

“మా సిస్టమ్‌లో ఏమేం ఉన్నయో ఎట్ల తెలుస్తది?”

విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఆర్ నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిషులో డి, ఎక్స్, డి, ఐ, ఎ, జి అనే ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. డైరెక్ట్‌ఎక్స్ డయాగ్నస్టిక్ టూల్ తెరుచుకుంటుంది. కొత్తగా ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

ఇక్కడ నూటికి తొంభై మంది పొరపడే చోటొకటి ఉంది. మొదటి పేజీలో అట్టడుగున ‘డైరెక్ట్‌ఎక్స్ వెర్షన్: డైరెక్ట్‌ఎక్స్ 12’ అని కనబడగానే “నా కార్డుకు 12 ఉంది” అనుకుంటారు. ఆ అంకె విండోస్‌ది. విండోస్ 10, 11 ఉన్న ఏ డబ్బాలోనైనా అక్కడ 12 అనే ఉంటుంది. మీ కార్డు సంగతి తెలియాలంటే డిస్‌ప్లే అనే రెండో ట్యాబ్‌లోకి పోవాలి. అక్కడ ‘ఫీచర్ లెవెల్స్’ అని ఒక వరుస ఉంటుంది: 12_1, 12_0, 11_1, 11_0 అని. అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో అదే మీ కార్డు స్థాయి. 11_1 దగ్గరే ఆగిపోతే, 12_0 స్థాయి అడిగే సాఫ్ట్‌వేర్ మీ దగ్గర నడవదు, విండోస్ ఎంత కొత్తదైనా సరే.

పోయిన ఎండాకాలం ఒక ఇంజినీరింగ్ పిల్లవాడు మొదటి పేజీ ఫొటో నాకు పంపి, “12 ఉందన్నా, గేము ఎందుకు రాదు” అని అడిగాడు. రెండో పేజీ ఫొటో పంపమన్నాను. అది చూడగానే వాడికే అర్థమైంది.

వల్కన్ కోసం కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి వల్కన్‌ఇన్ఫో అని ఇంగ్లిషులో ఒకే మాటగా కొట్టండి. కార్డు పేరుతో పొడుగాటి వివరం వస్తే వల్కన్ పనిచేస్తున్నట్టు. అలాంటి కమాండే లేదంటే, లేదా తప్పు చూపిస్తే, డ్రైవర్ సరిగ్గా లేదు లేదా కార్డుకు ఆ శక్తి లేదు.

“వల్కన్ నాలుగుసార్లు ఉంది. విజువల్ సీ ప్లస్ ప్లస్ అయితే పది ఉన్నయి. డబుల్ డబుల్ ఎక్కినయా?”

వల్కన్ సంగతి: మొదటి రెండు మూడేళ్లలో డ్రైవర్ కొత్తది ఎక్కించినప్పుడల్లా కొత్త రన్‌టైమ్ పాతదాని పక్కనే చేరేది. 1.0.26, 1.0.42 అని అంకెలు మారుతూ కనబడతాయి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86లో వల్కన్‌ఆర్‌టీ అనే ఫోల్డర్‌లో అవన్నీ ఉంటాయి. కొద్ది ఎంబీలే తింటాయి, వదిలేయండి. కొత్త డ్రైవర్లతో ఆ పేరు జాబితాలో అసలు కనబడకపోవచ్చు కూడా, ఫైలు మాత్రం సిస్టమ్32లో ఉంటుంది.

విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ గ్రాఫిక్స్ లైబ్రరీ కాదు, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్‌తో రాసిన ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన ఫైళ్ల మూట. అయినా గేము తెరుచుకోకపోతే తప్పు సగం సార్లు దీని దగ్గరే దొరుకుతుంది కాబట్టి చెప్తున్నాను. 2005, 2008, 2010, 2012, 2013, వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన ఇంకొకటి అక్కర్లేదని కాదు. 2010 వెర్షన్‌తో రాసిన ప్రోగ్రాముకు 2010దే కావాలి. 2015 నుంచి 2022 దాకా మాత్రం అన్నిటికీ ఒక్కటే సరిపోతుంది. పైగా ప్రతిదానికీ 32 బిట్ ఒకటి, 64 బిట్ ఒకటి. అట్లా లెక్క పది దాటుతుంది. ఒక్కటీ డబుల్ కాదు.

ఫిజిఎక్స్ ఎన్విడియాది, గేముల్లో పడటం, పగలడం లాంటి కదలికల లెక్కలకు. ఓపెన్‌ఏఎల్ ధ్వనికి. రెండూ ప్రమాదం లేనివే.

“తీసేస్తే ఏమైతది?”

ఆ క్షణంలో ఏమీ కాదు. డెస్క్‌టాప్ మామూలుగానే ఉంటుంది, పాటలు, సినిమాలు నడుస్తాయి. “చూశావా, అక్కరలేనిదే” అనిపిస్తుంది. ఆ లైబ్రరీ అవసరమైన ప్రోగ్రాము తెరిచిన రోజు తెలుస్తుంది.

దేవరకొండ వైపు పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక ఫొటోగ్రాఫర్ అన్న ఉన్నాడు. మాఘమాసం ముహూర్తాల ముందు మెషిన్ తేలిక చేద్దామని కూర్చుని, పేరు తెలియని ప్రతిదాన్నీ తీసేశాడు. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. మూడు పెళ్లిళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. నిజానికి ఫొటో ఒక్కటీ పోలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి ఎక్కించి, విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు వరుసగా పెట్టేసరికి గంటన్నరలో పని అయిపోయింది. ముందే ఎవరో ఆయనకు ఫార్మాట్ కొట్టాలని చెప్పారట. కొట్టించి ఉంటే సీ డ్రైవ్‌లోని ఆ ఫొటోలు పోయేవి. అందుకే ఈ మాట నొక్కి చెప్తున్నాను: లైబ్రరీ పోయిందని ఫార్మాట్ కొట్టించకండి.

వల్కన్ పోతే దాన్ని ఒంటరిగా వెతుక్కోకండి. మీ కార్డు కంపెనీ సైట్ నుంచి, ల్యాప్‌టాప్ అయితే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించుకుని పూర్తిగా ఎక్కించండి. వల్కన్ దాని వెంటే వస్తుంది.

“డైరెక్ట్‌ఎక్స్ 12 ఉందంటివి. మరి డీ3డీఎక్స్9_43.డీఎల్ఎల్ లేదని బాక్స్ ఎందుకొస్తుంది?”

న్యాయమైన ప్రశ్న. డైరెక్ట్‌ఎక్స్ 9 అసలు భాగం, అంటే డీ3డీ9 అనే ఫైలు, ఇవాళ్టి విండోస్‌లోనూ ఉంది. మీ బాక్స్‌లో ఉన్న పేరులో 9కి ముందు ఒక ఎక్స్ ఉంది, చూడండి. అది అదనపు సహాయ లైబ్రరీ. ఆ రోజుల్లో గేములు చేసేవాళ్లు విరివిగా వాడారు, విండోస్ మాత్రం దాన్ని తనలో కలుపుకోలేదు. గేము డిస్క్‌లోనే ఇచ్చేవాళ్లు. మీరు ఫ్రెండ్ పెన్‌డ్రైవ్ నుంచి గేము ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకున్నారు కాబట్టి అది రాలేదు.

మందు ఒకటే. మైక్రోసాఫ్ట్ సైట్‌లో డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్స్, జూన్ 2010 అని ఉంటుంది. దాదాపు 95 ఎంబీ. ఎక్స్‌ఇన్‌పుట్1_3, ఎక్స్‌ఆడియో అని వచ్చే బాక్స్‌లకు కూడా ఇదే పనిచేస్తుంది. ఆ ఫైలు నొక్కగానే ‘ఎక్కడ విప్పాలి’ అని అడుగుతుంది. ఖాళీ ఫోల్డర్ చూపించండి. విప్పుకున్నాక ఆ ఫోల్డర్‌లో డీఎక్స్‌సెటప్ అనే ఫైలు వెతికి నడపండి. చాలామంది విప్పడంతోనే అయిపోయిందనుకుని ఆగిపోతారు, మళ్లీ అదే బాక్స్ వస్తుంది. ఇది ఎక్కిస్తే మీ డైరెక్ట్‌ఎక్స్ 12 వెనక్కి పోదు, పాతవి పక్కన చేరతాయంతే.

“95 ఎంబీ ఎందుకు? ఆ డీఎల్ఎల్ ఒక్కటే ఫ్రీగా ఇచ్చే సైట్లున్నయి కదా?”

ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

మొదటి సంగతి భద్రత. డీఎల్ఎల్ అంటే బొమ్మో పత్రమో కాదు, నడిచే కోడ్. మీ ప్రోగ్రాము దాన్ని పిలిచిన క్షణం, ఆ ప్రోగ్రాముకు ఎన్ని హక్కులుంటే అన్ని హక్కులతో అది నడుస్తుంది. ఎవరు పెట్టారో తెలియని చోటి నుంచి అలాంటిది తేవడం, ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంటి తాళం ఇవ్వడమే. అదే కంప్యూటర్‌లో మీరు బ్యాంకు పనులూ చేస్తారు.

రెండోది బిట్ల తికమక. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పేర్లు తలకిందులుగా ఉన్నాయి, నిజమే. పాత ప్రోగ్రాములు పాడుకావద్దని సిస్టమ్32 పేరును అట్లాగే ఉంచేశారు. ఇది తెలియక 32 బిట్ ఫైలు తెచ్చి సిస్టమ్32లో వేస్తే, 0ఎక్స్‌సీ000007బీ అనే అంకెతో ఇంకో బాక్స్ వస్తుంది. మొదటి బాక్స్ కనీసం ఏ ఫైలు లేదో చెప్పింది. ఇది అదీ చెప్పదు. నా దగ్గరికి వచ్చిన ఒక మెషిన్‌లో అట్లా తెచ్చిన ఫైళ్లు పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి అసలైనవి పెట్టేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది.

మూడోది, ఒక లైబ్రరీ ఇంకోదాన్ని పిలుస్తుంది. ఒక్క ఫైలు తెస్తే రెండోది లేదంటుంది, అది తెస్తే మూడోది. ప్యాకేజీ మొత్తం ఎక్కిస్తే ఆ గొలుసు ఒక్కసారే పూర్తవుతుంది.

పేరు చూసి ఏ ప్యాకేజీయో పట్టుకోవచ్చు. ఎంఎస్‌వీసీఆర్100 అంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ 2010, 110 అంటే 2012, 120 అంటే 2013. వీసీరన్‌టైమ్140 అంటే 2015 నుంచి 2022 దాకా ఉన్న ఆ ఒక్కటి. ఓపెన్‌జీఎల్32 లేదంటే మాత్రం అది విండోస్‌లో భాగమే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) కొడితే విండోస్ తన ఫైలును తానే బాగుచేసుకుంటుంది.

“సికింద్రాబాద్ సీటీసీల సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొన్న. ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్. వల్కన్ ఎంత ఎక్కించినా ఎక్కదు.”

పెరేడ్ గ్రౌండ్స్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి మన జిల్లాలకు వచ్చే పాత ఆఫీసు డబ్బాలు ఎన్నో ఉన్నాయి. తక్కువ ధరకు మంచి మెషిన్లే, నేనూ కొనిపిస్తాను. కానీ ఐ5 అన్న మాట ఒక్కటి చూసి కొనకండి. దాని పక్కనుండే అంకె చూడండి. ఐ5 4570 అంటే మొదటి అంకె 4, నాలుగో తరం. ఐ5 6500 అయితే ఆరో తరం. విండోస్‌లో ఇంటెల్ తన లోపలి గ్రాఫిక్స్‌కు వల్కన్ ఇచ్చింది ఆరో తరం నుంచే.

చెరువు ఎండిపోతే నీరటి ఏం చేస్తాడని ముందే అన్నాను కదా, ఇదే అది. నాలుగో తరం మెషిన్‌లో మీరు వల్కన్ ఫైళ్లు ఎన్నిసార్లు ఎక్కించినా లోడర్ పోయి వెతికితే అవతల డ్రైవర్ దొరకదు. ఇంకో సంగతి: నాలుగో తరం గ్రాఫిక్స్‌లో మొదట డైరెక్ట్‌ఎక్స్ 12 కొంతవరకు నడిచేది. భద్రతా లోపం ఒకటి బయటపడటంతో తర్వాతి డ్రైవర్లలో ఇంటెల్ దాన్ని ఆపేసింది. అందుకే అదే మోడల్ డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టినా, డ్రైవర్‌ను బట్టి ఒకటి ఒక మాట, ఇంకొకటి ఇంకో మాట చెప్తాయి. పాత డ్రైవర్ వెతికి పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. లోపం ఉందని మూసిన తలుపును మళ్లీ తెరవమని నేను చెప్పను.

చిన్న కార్డు ఒకటి వేసుకుంటే దారి ఉంది. ఆఫీసు డబ్బాలు సన్నగా ఉంటాయి, పవర్ సప్లై కూడా చిన్నదే. ఎన్విడియా జీటీ 1030 లాంటి పొట్టి కార్డు అందులో పడుతుంది, 30 వాట్లే తీసుకుంటుంది, విడిగా కరెంటు వైరు అక్కర్లేదు. వల్కన్, డైరెక్ట్‌ఎక్స్ 12 రెండూ వస్తాయి. కొనేటప్పుడు డబ్బా మీద జీడీడీఆర్5 (కార్డు మెమరీ రకం) అని ఉందో లేదో చూడండి. అదే పేరుతో డీడీఆర్4 రకం కూడా అమ్ముతారు, అది బాగా నెమ్మది. పేరు ఒకటే కదా అని నష్టపోయినవాళ్లను చూశాను.

“ఫార్మాట్ కొట్టించినంక త్రీడీ సాఫ్ట్‌వేర్ ‘ఓపెన్‌జీఎల్ పాతది’ అంటుంది. అంతకుముందు నడిచింది.”

డ్రైవర్ ఎక్కించకుండా వదిలేశారు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అదే కారణం. విండోస్ తనంతట తాను ఇచ్చేది ఓపెన్‌జీఎల్ 1.1 మాత్రమే, అది 1990ల నాటిది. ఆపైన ఉన్నదంతా కార్డు డ్రైవర్ తేవాల్సిందే. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి, 2.80 వెర్షన్ 3.3 అడిగింది, 4.0 వచ్చేసరికి 4.3 అడుగుతోంది. డ్రైవర్ ఎక్కించి రీస్టార్ట్ చేయండి.

“ల్యాప్‌టాప్‌ల ఎన్విడియా ఉంది, అయినా గేము ఇంటెల్ మీదనే నడుస్తుంది.”

రెండు చెరువులున్న ఊరు అది. బ్యాటరీ మిగలాలని విండోస్ చిన్న చెరువు నీళ్లే ముందు వదులుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, కింద గ్రాఫిక్స్ అని ఉంటుంది. మీ ప్రోగ్రామును జాబితాలో చేర్చి, ఆప్షన్స్‌లో హై పర్ఫార్మెన్స్ ఎంచుకోండి. లైబ్రరీలు తీసి మళ్లీ ఎక్కించడం దీనికి మందు కాదు.

“ఫోన్ గేములు ఎమ్యులేటర్‌ల ఆడుతాం. అందుల డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్, వల్కన్ అని అడుగుతది. ఏది పెట్టాలె అన్నా?”

వినియోగదారుకు ఎంచుకునే పని నిజంగా పడే చోట్లలో ఇదొకటి. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే డైరెక్ట్‌ఎక్స్‌తో మొదలుపెట్టండి, విండోస్‌లో ఆ డ్రైవర్లు గట్టిగా ఉండేది దానిలోనే. విడి కార్డు ఉంటే వల్కన్ పెట్టి చూడండి. నేల నల్లగా రావడం, మనుషులు లేకుండా నీడలే కనబడటం లాంటివి జరిగితే ఓపెన్‌జీఎల్‌కు మార్చండి. మార్చిన ప్రతిసారీ ఎమ్యులేటర్ పూర్తిగా మూసి తెరవాలి.

“డ్రైవర్ అప్‌డేట్ చేసినంక స్క్రీన్ మినుకుమినుకుమంటుంది.”

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ కొట్టండి. ఆ బటన్ మసకగా ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్‌ను సేఫ్ మోడ్‌లో నడిపి, పాతదంతా ఊడ్చి, తాజాగా ఎక్కించండి. ఆ టూల్ వల్కన్‌ను కూడా తీసేయగలదు, కొత్త డ్రైవర్ మళ్లీ తెస్తుంది, కంగారుపడకండి. ఈదురుగాలుల కాలంలో యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. మధ్యలో కరెంటు పోతే సగం ఎక్కిన డ్రైవర్‌తో మెషిన్ చిక్కుల్లో పడుతుంది.

“సీ డ్రైవ్ ఎర్రగైంది. వీటిలో తీసెయ్యదగ్గది ఏదైనా ఉందా?”

ఒకటి ఉంది. డిస్క్ క్లీనప్ తెరిస్తే ‘డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్’ అని ఒక వరుస కనబడుతుంది. గేము ఒకసారి లెక్కకట్టిన బొమ్మల పనిని మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న ఫైళ్లవి. నిశ్చింతగా తీసేయండి. తర్వాత గేము మొదటిసారి కాస్త నెమ్మదిగా తెరుచుకుంటుంది, మళ్లీ అదే దాచుకుంటుంది. రన్‌టైమ్ లైబ్రరీలన్నీ తీసినా మీకు మిగిలే జాగా, ఒక్క పెళ్లి వీడియో తీసేస్తే మిగిలేదాంట్లో పిసరంత.

“వైరస్ నిజంగనే ఈ పేరు పెట్టుకుని వస్తే?”

రావచ్చు. ఫైలు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. అసలైన వల్కన్-1.డీఎల్ఎల్ సిస్టమ్32లో లేదా సిస్‌వావ్64లో ఉంటుంది, గేము లేదా బ్రౌజర్ తన ఫోల్డర్‌లో ఒక కాపీ ఉంచుకోవడమూ మామూలే. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్‌లోనో ఆ పేరుతో, సంతకం లేకుండా కనబడితే విండోస్ డిఫెండర్‌తో స్కాన్ చేయించండి.

“మా బడిల పదిహేను కంప్యూటర్లు. నెట్ అంతంతే. అన్నిటికీ ఎట్ల ఎక్కియ్యాలె సార్?”

అచ్చంపేట దగ్గరి బడి నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు ఒక పెన్‌డ్రైవ్ తయారుచేసి పంపాను. అందులో ఉన్నవి ఇవి: ఆ మోడల్ కంప్యూటర్ల గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తి ఫైలు, జూన్ 2010 డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీ, విజువల్ సీ ప్లస్ ప్లస్ 2010, 2012, 2013, 2015–2022, ఒక్కోదానికి రెండు రకాలు. అన్నీ కంపెనీల సైట్ల నుంచి దించినవే. ఎక్కించేటప్పుడు ముందు డ్రైవర్, తర్వాత రీస్టార్ట్, ఆ తర్వాత మిగిలినవి ఏ వరుసలోనైనా సరే. ఒక్క మెషిన్ మీద అన్నీ పూర్తిచేసి, పిల్లలు వాడే సాఫ్ట్‌వేర్ తెరిచి చూసుకున్నాకే రెండోదానికి పోవాలని చెప్పాను. పెన్‌డ్రైవ్‌లో ఒక టెక్స్ట్ ఫైలు కూడా పెట్టాను, ఏది ఏ తేదీన దించానో అందులో రాసుంది. ఏడాదికోసారి డ్రైవర్ ఒక్కటి మార్చుకుంటే చాలు, మిగిలినవి అట్లాగే పనికొస్తాయి.